ఇన్సులిన్ మాట మెదడు వినాలంటే



పోయిన రంజాన్‌కు ముందు ఒక రాత్రి మా అమ్మీ ఇషా నమాజు చదివి, సలాం తిప్పి, నా వైపు చూసి "నేను నాలుగు రకాతులు చదివానా, మూడేనా?" అని అడిగింది. నేను గమనించలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ వారంలోనే మూడుసార్లు అలా జరిగింది. అమ్మీకి 73 ఏళ్లు, షుగర్ వచ్చి 16 ఏళ్లు. పేర్లు మరిచిపోవడం, పొయ్యి మీద పాలు మరిచిపోవడం అంతకు ముందే మొదలైంది. వయసు మీద పడితే మామూలేలే అనుకున్నాం. నమాజు లెక్క తప్పినప్పుడు మాత్రం ఆమె భయపడింది. ఆమెను చూసి నేనూ భయపడ్డాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలు చేయించి, బి12, థైరాయిడ్ చూసి, మందులు సరిచేసి, చివరిలో ఆయన ఒక మాట అన్నారు: "ఈమెను రోజూ నడిపించండమ్మా. షుగర్‌కే కాదు, తలకు కూడా మంచిది." బయటికి వచ్చాక అమ్మీ నవ్వుతూ "నడిచేది కాళ్లు, మందు తలకా?" అంది. 28 ఏళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న నా దగ్గర ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. వేసవి సెలవుల్లో కూర్చుని చదివాను. అర్థమైనంత వరకు మన ఇళ్లలోని పెద్దల కోసం ఇక్కడ రాస్తున్నాను.

పదో తరగతిలో క్లోమం గురించి మేమంతా ఒకటే చెబుతాం. క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు ఇన్సులిన్‌ను స్రవిస్తాయి, అది రక్తంలోని గ్లూకోజును కణాల్లోకి చేరుస్తుంది, అది చాలకపోతే మధుమేహం. పిల్లలు అదే రాస్తారు, మేము మార్కులు వేస్తాం. తప్పేమీ లేదు. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నప్పటి నుంచి చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా ప్రధానంగా కండరాలు, కాలేయం, కొవ్వు కణాల గురించే ఆలోచించారు. మెదడుకు ఇన్సులిన్‌తో పని లేదనే అభిప్రాయం ఉండేది. 1978లో హవ్రంకోవా, రాత్, బ్రౌన్‌స్టీన్ అనే ముగ్గురు ఎలుకల మెదడును పరీక్షించి, ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకాలు మెదడంతా పరుచుకుని ఉన్నాయని ప్రకటించారు. తలుపులు ఉన్నాయంటే తట్టేవాడు ఎవరో ఉన్నాడనే కదా.

మెదడు మన శరీర బరువులో 2 శాతమే. కానీ మనం ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు ఐదో వంతు దానికే పోతుంది. ఇంత తినే అవయవం తన గ్లూకోజు కోసం చాలావరకు ఇన్సులిన్ అనుమతికి ఎదురుచూడదు, నేరుగా తీసుకుంటుంది. మరి ఆ గ్రాహకాలు దేనికి? ఇన్సులిన్ మెదడుకు అన్నం మోసుకొచ్చే కూలీ కాదు, కబురు తెచ్చే మనిషి. మనం భోంచేశాక రక్తంలో పెరిగిన ఇన్సులిన్‌లో కొంత మెదడుకు చేరుతుంది. హైపోథలామస్ అనే భాగానికి "కడుపు నిండింది, ఇక చాలు" అని చెబుతుంది. కాలేయం అనవసరంగా చక్కెరను రక్తంలోకి వదలకుండా చూడమని కూడా అక్కడి నుంచే సంకేతం వెళ్తుంది. స్ట్రయేటమ్ అనే భాగంలో, ఇంకో ముద్ద తినాలనే ఆశను కాస్త అదుపులో పెడుతుంది. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల మధ్య బంధాలు బలపడటానికి తోడ్పడుతుంది. అంటే ఆకలి, షుగర్, జ్ఞాపకం ఈ మూడింటికీ ఒకే కబురు ఉపయోగపడుతోంది.

కబురు వచ్చినా మెదడు వినకపోతే? దీనినే మెదడులో ఇన్సులిన్ నిరోధకత అంటున్నారు. మా టీచర్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. కొత్తగా వచ్చిన టీచరు ఒకసారి గట్టిగా మాట్లాడితే తరగతి నిశ్శబ్దం అవుతుంది. రోజూ, ప్రతి గంటా అరిచే టీచరు ఎంత అరిచినా పిల్లలు తలెత్తి చూడరు. పొట్ట చుట్టూ కొవ్వు చేరి, ఒళ్లు కదలక, కండరాలు ఇన్సులిన్‌కు స్పందించడం తగ్గితే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. పగలూ రాత్రీ ఆ కేకలు వినీ వినీ శరీరం మొద్దుబారుతుంది, మెదడు కూడా. రక్తంలో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే మెదడులోకి దాన్ని చేర్చే దారి కూడా మందగిస్తుంది. బయట కేకలు, లోపల నిశ్శబ్దం. వయసు పెరిగేకొద్దీ ఈ వినికిడి మరికొంత తగ్గుతుంది.

అల్జీమర్స్ వ్యాధితో చనిపోయినవారి మెదడులో ఇన్సులిన్ కబురు బాగా దెబ్బతిని ఉండటం చూసి, 2005లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ డి లా మోంటే బృందం దానికి 'టైప్ 3 మధుమేహం' అనే పేరు పెట్టింది. వాట్సాప్‌లో ఈ పేరు బాగా తిరుగుతోంది. నాకైతే అది విషయం చెప్పడం కంటే భయపెట్టడమే ఎక్కువ చేస్తోందనిపిస్తుంది. డాక్టర్ల వ్యాధుల జాబితాలో అలాంటి రోగం లేదు. షుగర్ ఉన్నవారందరికీ మతిమరుపు జబ్బు రాదు, అది వచ్చినవారందరికీ షుగర్ ఉండదు. షుగర్ ఉంటే ముప్పు పెరుగుతుంది, అంతే. ఆ 'అంతే' కూడా చిన్న మాటేమీ కాదు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి వారి ఇండియాబ్ సర్వే షుగర్ ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలనీ, మన వాళ్లు 'బార్డర్‌లో ఉంది' అనే దశలో మరో 13 కోట్ల 60 లక్షల మంది ఉన్నారనీ చెప్పింది. ఆ రెండో గుంపులో నేనూ ఉన్నాను. అమ్మీ కోసం పరీక్షలకు వెళ్లినప్పుడు నాకూ రాశారు. మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది.

ఇప్పుడు నడక సంగతి. బతికి ఉన్న మనిషి మెదడు ఇన్సులిన్ మాట వింటోందో లేదో తెలుసుకోవడమే పెద్ద చిక్కు. తలలోకి సూది పెట్టలేరు కదా. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం వారు దానికి మంచి ఉపాయం వాడారు. ఇన్సులిన్‌ను ముక్కులో స్ప్రే చేస్తే అది చాలావరకు రక్తంతో పని లేకుండా మెదడుకు చేరుతుంది. స్ప్రేకు ముందు, తర్వాత ఎంఆర్‌ఐ స్కాన్ తీస్తే ఏ భాగం స్పందించిందో కనిపిస్తుంది. 2022లో ప్రచురించిన అధ్యయనంలో స్టెఫనీ కుల్మన్ బృందం ఒళ్లు కదల్చని, అధిక బరువున్న 21 మందిని తీసుకుంది. అందరూ 60 ఏళ్ల లోపు పెద్దవాళ్లు. 8 వారాల పాటు పర్యవేక్షణలో సైకిలు తొక్కించారు, నడిపించారు. మొదట్లో వాళ్ల మెదళ్లు స్ప్రేకు సరిగా స్పందించలేదు. 8 వారాల తర్వాత మామూలు బరువున్నవారి మెదడులాగే స్పందించాయి. ఆకలి తగ్గింది, పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. వాళ్ల బరువు తగ్గింది చాలా కొంచెమే. మనం నెల నడిచి, తూకం యంత్రం ఎక్కి, ముల్లు కదల్లేదని చెప్పులు మూల పడేస్తాం. తూకానికి కనిపించని మార్పు తలలో జరుగుతూ ఉండవచ్చు.

60 ఏళ్ల చుట్టుపక్కల ఉన్నవారి మీద జరిగిన పని ఇంకా కొత్తది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ మాలిన్ బృందం 2025లో ప్రచురించింది. ఇక్కడ కూడా 21 మందే. సగటు వయసు 60, అందరూ షుగర్ బార్డర్‌లో ఉన్నవారు. రెండు వారాల్లో 12 సార్లు, ఒక్కోసారి 60 నిమిషాలు, కాస్త కష్టపడే స్థాయిలో వ్యాయామం చేయించారు. నాడీకణాలు చాలా సూక్ష్మమైన బుడగల్లాంటి సంచులను రక్తంలోకి వదులుతాయి. తాము లోపల ఏం చేస్తున్నాయో తెలిపే ప్రోటీన్లు వాటిలో ఉంటాయి. మామూలుగా చేతి నుంచి తీసిన రక్తంలోనే ఆ సంచులను వేరు చేసి, గ్లూకోజు నీళ్లు తాగించక ముందు, తాగించిన తర్వాత చూశారు. ఇన్సులిన్ కబురును అందుకుని ముందుకు పంపే ప్రోటీన్లు వ్యాయామం తర్వాత పెరిగాయి. రెండే వారాల్లో! అయితే 21 మంది, రెండు వారాలు. దీన్ని చూసి "నడిస్తే అల్జీమర్స్ రాదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మెదడు ఇన్సులిన్ మాట వినే శక్తి పోయిందే పోయింది అనుకోనక్కరలేదు, 60లో కూడా కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు అన్నంత వరకే నేను తీసుకున్నాను.

కాళ్ల పని తలకు ఎలా చేరుతుందన్న అమ్మీ ప్రశ్నకు జవాబు చాలావరకు కండరాల్లోనే ఉంది. కండరం కదలకుండా ఉంటే గ్లూకోజును లోపలికి తీసుకోవడానికి ఇన్సులిన్ తలుపు తట్టాల్సిందే. అదే కండరం పని చేస్తుంటే గ్లూకోజు తలుపులు వాటంతట అవే కణం పైకి వచ్చి తెరుచుకుంటాయి. ఇన్సులిన్ పిలవకపోయినా సరే. తొడలు, పిరుదులు మన ఒంట్లో అతి పెద్ద కండరాలు, నడిచేది వాటితోనే. అవి గ్లూకోజును లాగేసుకుంటే క్లోమం అరవాల్సిన పని తగ్గుతుంది. కేకలు తగ్గితే మెదడుకు అసలు కబురు వినబడుతుంది. పొట్ట కొవ్వు తగ్గడం, రక్తనాళాలు బాగుపడటం, పని చేసే కండరాలు రక్తంలోకి వదిలే కొన్ని రసాయనాలు మెదడుకు మేలు చేయడం కూడా దీనికి తోడవుతాయి.

మెదడుకు ఇన్సులిన్ కబురు అందకపోతే ముక్కులో స్ప్రే కొట్టుకుంటే సరిపోదా? నాకూ ఆ ఆలోచన వచ్చింది. శాస్త్రవేత్తలకు ఎప్పుడో వచ్చింది. తొలి చిన్న ప్రయోగాలు ఆశ పెట్టాయి. కానీ మతిమరుపు మొదలైన 289 మంది మీద 12 నెలలు చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చినప్పుడు ఆశించిన మేలు కనబడలేదు. వ్యాయామం మీద కూడా ఫలితాలన్నీ ఒకే వైపు లేవు. 2011లో కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది వృద్ధుల మీద పరీక్ష చేసింది. ఒక ఏడాది పాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిచినవారి హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, నడవకుండా ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది 1.4 శాతం తగ్గింది. 2022లో 585 మంది వృద్ధుల మీద చేసిన మరో పెద్ద పరీక్షలో మాత్రం ఏడాదిన్నర వ్యాయామం తర్వాత కూడా జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఇతరుల కంటే మెరుగుదల కనిపించలేదు. ఈ రెండోదాన్ని దాచిపెట్టి మొదటిదే చెప్పడం టీచరుకు తగదు. ఉన్నంతలో చూస్తే, షుగర్ విషయంలో నడక మేలు గట్టిగా రుజువైంది. మెదడు ఇన్సులిన్‌కు స్పందించడంలో మేలు చిన్న పరీక్షల్లో కనిపించింది. మతిమరుపు జబ్బును ఆపుతుందా అన్నది ఇంకా తేలాలి. అయినా 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం డిమెన్షియా ముప్పును పెంచే, మనం మార్చుకోగల 14 కారణాలను చెప్పినప్పుడు షుగర్, ఒళ్లు కదలకపోవడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

మధ్యలో చిన్న మాట. మన ఇళ్లలో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో తమిళం మాట్లాడతాం కదా, అదీ ఊరికే పోదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో తెలిపింది. మనవలతో ఉర్దూ మాట్లాడటం మానేసిన దాదీలు, నానీలు గమనించాలి.

ఇదంతా జర్మనీ, అమెరికా కథ అనుకోవద్దు. మనకు పక్కనే, చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం బార్డర్ దశలో ఉన్న 531 మందిని సుమారు మూడేళ్లు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి సరిచేసుకుని, రోజూ నడిచినవారిలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 26.4 శాతం. రెండూ కలిపినా అదనపు లాభం రాలేదు. మన లాంటి ఒళ్లు, మన లాంటి తిండి ఉన్నవారి మీద వచ్చిన లెక్క ఇది.

మన ప్రాంతానికి ఇది మరీ అవసరమని ఎందుకంటానంటే, ఒళ్లు వంచడం మానడం ఇక్కడ ఒక్క తరంలో జరిగిపోయింది. 2008లో శ్రీ సిటీ మొదలు కాక ముందు సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఎక్కువ మంది బతుకు పొలం పనే. మా అమ్మీ పెళ్లయి వచ్చిన కొత్తలో నీళ్లకు, కట్టెలకు, చేనుకు పోయి రావడమే రోజుకు ఎన్ని మైళ్లో. ఇప్పుడు కొడుకులు, కోడళ్లు, చదువుకున్న ఆడపిల్లలు కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోతున్నారు. నా దగ్గర చదివిన అమ్మాయిలు యూనిఫాం వేసుకుని బస్సు కోసం నిలబడితే చూడటానికి సంతోషంగా ఉంటుంది. ఇంట్లో కుళాయి, గ్యాసు, మిక్సీ, వీధి చివరికి పోవడానికి ఆటో. మంచిదే, ఎవరూ కాదనరు. కానీ 40 ఏళ్లు చేనులో వంగిన అబ్బా ఇప్పుడు పగలంతా టీవీ ముందు కుర్చీలో ఉన్నాడు. తిండి మాత్రం చేనుకు పోయే మనిషి తిండే. అప్పటి రాగి సంకటి పోయి మూడు పూటలా తెల్ల అన్నం, ఇడ్లీ వచ్చాయి.

నమాజే వ్యాయామం కదా అని కొందరు పెద్దలు అంటారు. నమాజును వ్యాయామంతో కొలవడం నాకు ఇష్టం లేదు, అది ఇబాదత్. కీళ్లు వంగడానికి, తూలకుండా నిలబడటానికి రుకూ, సజ్దాలు సాయపడతాయి, నిజమే. కానీ గుండె వేగం పెరిగి, కాస్త ఆయాసం వచ్చేంత పని అందులో ఉండదు. మసీదుకు బండి మీద పోకుండా నడిచిపోతే అది మాత్రం లెక్కలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం పెద్దవాళ్లకు మంచి ఆరంభం.

ఎప్పుడు నడవాలంటే, తిన్న తర్వాత. 2013లో అమెరికాలో 60 దాటిన 10 మంది మీద చేసిన ఒక చిన్న పరీక్షలో ఒకేసారి 45 నిమిషాలు నడిచినా, ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాల చొప్పున నడిచినా రోజు మొత్తం షుగర్ తగ్గింది. రాత్రి భోజనం తర్వాత షుగర్‌ను అదుపులో ఉంచడంలో మాత్రం 15 నిమిషాల నడకదే పైచేయి. మన దావత్‌ల నుంచి బిర్యానీ తిని నేరుగా పరుపెక్కేవారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, మా ఆయనతో సహా.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఇన్సులిన్ సూది గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు కొత్తగా నడక మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆగి చక్కెర నోట్లో వేసుకోవాలి. అందుకే జేబులో, కొంగులో కాస్త చక్కెర పొట్లం ఉండాలి. ఉపవాస దినాల్లో నడక సమయం, మందుల మోతాదు డాక్టరును అడిగి మార్చుకోవాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు హవాయి చెప్పులతో, వట్టి కాళ్లతో నడవకూడదు, ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బరువు అనిపిస్తే నడక ఆపి ఆసుపత్రికి పోవాల్సిందే.

అమ్మీని నడిపించడానికి అన్నిటికంటే కష్టమైంది మోకాళ్లు కాదు, వీధి. "ఈ వయసులో పనీపాటా లేకుండా రోడ్డు మీద తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు?" అంది. మొదటి నెల మిద్దె మీద నడిచాం, పది అడుగులకో మలుపు, నాకే తల తిరిగింది. తర్వాత పక్కింటి ఖాలా తోడు వస్తానన్నాక, రాత్రి భోజనం కాగానే ముగ్గురం వీధిలోకి దిగాం. ఇప్పుడు ఐదుగురు అయ్యారు. 11 నెలల్లో అమ్మీ మూడు నెలల సగటు షుగర్ 8.2 నుంచి 7.4కి వచ్చింది. నాది 5.8. మరుపు తగ్గిందా అంటే, చెప్పలేను. రకాతుల లెక్క ఇంకా అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది. కాకపోతే రాత్రి నిద్ర పడుతోంది, నడిచిన రోజు మనిషి చురుగ్గా ఉంటోంది, నడక సమయం మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

సొసైటీ పెద్దలకు ఒక మనవి. మనం ఏటా పెట్టే షుగర్ పరీక్షల శిబిరంలో 50 దాటిన ఆడవాళ్లు చాలామంది వస్తారు. చీటీ చేతిలో పెట్టి "నడవండి" అంటాం, ఎక్కడ నడవాలో చెప్పం. సాయంత్రం ఒక గంట ఏదైనా బడి ఆవరణను అడిగి, రెండు దీపాలు వేయించి, ఆడవాళ్లకు కేటాయిస్తే చాలు. మగవాళ్లకు హైవే పక్కన రోడ్డు ఉంది, ఆడవాళ్లకు మిద్దె తప్ప వేరే చోటు లేదు. గేటు తాళం బాధ్యత, హాజరు పుస్తకం నేను చూసుకుంటాను. హాజరు వేయడం నాకు అలవాటే.